లంగరేసిన ఓడకు నాలుగు మొగ్గలు

పెళ్లయిన మూడేళ్లలో దీనా, జాక్సన్ ఒకే ఇంట్లో ఉన్నది పదకొండు నెలలు. మిగతా కాలమంతా జాక్సన్ బొగ్గు మోసే ఓడలో, ఇంజిన్ రూములో మోటర్‌మాన్‌గా సముద్రాల మీద ఉన్నాడు. దీనా చినవాల్తేరులో, మేడ మీది రెండు గదుల వాటాలో, అత్తగారు పుష్పకుమారితో ఉంది. పగలు ద్వారకా నగర్‌లోని ఒక కళ్లజోళ్ల షాపులో పని. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి డాబా ఎక్కితే, రెండు అపార్ట్‌మెంట్ల సందులోంచి గుమ్మమంత సముద్రం కనిపించేది. ఆ గుమ్మంలోకి ఏ ఓడ వచ్చి నిలబడినా అది అతనిదేమోనని ఒక్క క్షణం అనుకునేది. కాదని తెలిసే అనుకునేది.

కిందటి సెలవులో ఇద్దరూ రోజూ సాయంత్రం నడకకు వెళ్లేవాళ్లు. రెండు వీధుల అవతల ఒక పాత పెంకుటింటి ప్రహరీ మీద గుండె ఆకారం ఆకుల తీగ ఒకటి అల్లుకుని ఉండేది. ఒక రోజు చీకటి పడే వేళకు సరిగ్గా అక్కడున్నారు. ముడిచిన గొడుగులా మెలితిరిగి ఉన్న మొగ్గ ఒకటి వణికింది. చూస్తుండగానే విడిపోయి, అరచేయంత తెల్ల పువ్వయింది. చల్లటి, కొంచెం తీపి వాసన వీధంతా పరుచుకుంది. జాక్సన్ ఇంకో మొగ్గ దగ్గరకు వెళ్లి అది విచ్చుకునేదాకా కదల్లేదు. ఓడలో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా అతని డ్యూటీ. తొమ్మిదేళ్లుగా సముద్రం మీద ఒక్క సాయంత్రం కూడా చూడలేదని ఆ రోజే చెప్పాడు.

జనవరిలో ఆ ఇల్లు పడగొట్టారు. ప్రహరీతో పాటు తీగా పోయింది. జాక్సన్ వెళ్లి, రాళ్ల మధ్య ఎండిన కాయలు ఏరుకొచ్చి, గింజలు తీసి కవరులో వేశాడు. పదమూడు గింజలు. మూడు రోజుల తర్వాత ఓడెక్కడానికి బయల్దేరుతూ ఆ కవరు ఆమె చేతిలో పెట్టాడు.

“అక్టోబర్లో దిగుతాను. నాను వచ్చేసరికి పూయించు,” అన్నాడు.

జూన్‌లో మొదటి వాన పడ్డాక ఎనిమిది గింజలు పాత బకెట్‌లో నాటింది దీనా. రోజూ పొద్దున్నే చూసేది. రెండు వారాలు పోయినా మట్టి కదల్లేదు. తవ్వి చూస్తే కొన్ని కుళ్లిపోయాయి, కొన్ని వేసినవి వేసినట్టే రాళ్లలా ఉన్నాయి. ఫోన్లో జాక్సన్‌కు మాత్రం ఇంకా నాటలేదని చెప్పింది. అబద్ధం చెప్పిన ఆ సాయంత్రమంతా ఆమెకు అన్నం సయించలేదు.

కింద వాటాలో ఉండేది ఇంటి యజమానురాలు నారాయణమ్మ. శ్రీకాకుళం వైపు పల్లెలో పుట్టి, పెళ్లయ్యేదాకా పొలం పనుల్లోనే పెరిగిన మనిషి. దీనా చేతిలోని గింజను తీసుకుని, పంటి మధ్య పెట్టి నొక్కి చూసింది.

“రాయిలాటి గింజని ఊరికే మట్టిలో పడేత్తే మొలుత్తాదేటమ్మా? నీళ్లు లోపలికెళ్లడానికి దారి సెయ్యాల,” అంది.

మిగిలినవి అయిదే. గోళ్లు కత్తిరించే కట్టరుతో ఒక్కొక్క గింజ అంచు మీద, లోపలి తెలుపు కనిపించేంత మాత్రమే గిల్లింది దీనా. గోరువెచ్చటి నీళ్లలో వేసి ఉంచింది. తెల్లారేసరికి నాలుగు గింజలు రెట్టింపు ఉబ్బాయి. వాటిని పెరుగు డబ్బాల్లో నాటింది. ఆరో రోజున మూడు మొలకలు లేచాయి. మొదటి ఆకులు మధ్యకు చీలి, చిన్న పక్షి తోకల్లా ఉన్నాయి. ఆ రోజు షాపుకు ఆలస్యంగా వెళ్లి మాట పడింది. అయినా రోజంతా ముఖం వెలుగుతూనే ఉంది. ఒక మొలకను నత్త తినేసింది. మిగిలిన రెండింటినీ పెయింటు బకెట్లలోకి మార్చి, నీళ్ల ట్యాంకు దాకా నైలాను తాళ్లు కట్టింది.

ఆగస్టులో తీగలు ఆమెను మించి ఎదిగాయి. సెప్టెంబరు వచ్చింది. ఆకులే తప్ప మొగ్గ లేదు. ఫోన్లో వెతికి చదివితే కారణం తెలిసింది. ఈ మొక్కకు పొడుగాటి చీకటి కావాలి, రాత్రి వెలుతురు పడితే మొగ్గ తొడగదు. పక్క అపార్ట్‌మెంటు వాళ్లు కొత్తగా పెట్టిన పెద్ద లైటు తెల్లవార్లూ ఈ డాబా మీదే పడుతోంది. తీగ పువ్వు పూయాలి, లైటు ఆర్పండి అని ఎవర్ని అడుగుతుంది? పాత నల్ల గొడుగులు మూడు విప్పి, బట్ట కుట్టి, ట్యాంకు వైపు పరదాలా కట్టింది. రోజూ పొద్దు వాలగానే దించడం, తెల్లారాక ఎత్తడం.

పుష్పకుమారి చూసి నవ్వింది. “మొక్కని నిద్దర పుచ్చుతన్నావేటే?” అంది. కానీ దీనాకు షాపులో ఆలస్యమైన రోజుల్లో, మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి ఆవిడే పరదా దించేది.

అక్టోబరు మొదటి వారంలో మొగ్గలు కనిపించాయి. అదే వారం జాక్సన్ కబురు పంపాడు. ఓడ ఆస్ట్రేలియా బొగ్గుతో వైజాగే వస్తోంది, తను ఇక్కడే దిగుతాడు, తన బదులు మనిషి ఇక్కడే ఎక్కుతాడు. పుష్పకుమారి ఆదివారం చర్చిలో లేచి, దేవుడికి కృతజ్ఞతగా సాక్ష్యం చెప్పింది. దీనా దుప్పట్లు ఉతికింది, అతని చొక్కాలకు ఇస్త్రీ చేయించింది. గుండీ ఊడిన చొక్కా ఒకటి ఒడిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

సోమవారం పొద్దున్న ఓడ వచ్చి లంగరేసింది. రేవులో సరుకు దించే బెర్తు ఖాళీ లేక బయటే ఆగింది. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య, ఎర్రటి అడుగుభాగం మునిగిపోయేంత బరువుగా అది కనిపించింది. ఈసారి నిజంగా అతనిదే. డెక్కు మీదకొచ్చి ఒక మూల నిలబడితే సిగ్నలు అందుతోందని జాక్సన్ ఫోన్ చేశాడు. ఫలానా తెల్ల క్రేను కింద ఉన్నాను, చెయ్యి ఊపుతున్నాను అన్నాడు. ఆమెకు క్రేను కనిపించింది, మనిషి కనిపించలేదు. అయినా తనూ చెయ్యి ఊపింది.

మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. మొదటి పువ్వు బుధవారం సాయంత్రం విచ్చుకుంది. అతను నాలుగు మైళ్ల దూరంలో, ఓడలో నీటి మట్టానికి కింద, ఇంజిన్ల మధ్య ఉన్నాడు. దీనా ఒక్కతే ఆ వాసన పీలుస్తూ నిలబడింది. సగం తనకు చెందనిదేదో తనొక్కతే తినేస్తున్నట్టు అనిపించి కిందికి దిగిపోయింది.

నాగబాబు జాక్సన్‌కు చిన్నప్పటి స్నేహితుడు. లంగరులో ఉన్న ఓడలకు కూరలూ సామాన్లూ అందించే లాంచీలో పనిచేస్తాడు. గురువారం రాత్రి దీనా అతనికి ఫోన్ చేసి, జాక్సన్ ఓడకు ఎప్పుడైనా వెళ్తారా అని అడిగింది. రేపు మధ్యాహ్నమే వెళ్తున్నామన్నాడు. మనుషుల్ని ఎక్కించుకోవడం కుదరదు, చిన్న పొట్లమైతే అడిగి తీసుకెళ్తానన్నాడు.

శుక్రవారం ఆమె సెలవు పెట్టింది. తీగ మీద ఆ సాయంత్రం విచ్చబోయే మొగ్గలు తొమ్మిది ఉన్నాయి. పొడుగ్గా సాగి, ఆకుపచ్చ మడతల మధ్య తెలుపు తేలిన నాలుగింటిని కాడలతో సహా కోసింది. తడి గుడ్డలో చుట్టి, టిఫిన్ బాక్సులో పెట్టి, ఆటోలో ఫిషింగ్ హార్బర్‌కు పట్టుకెళ్లింది. నాగబాబు బాక్సు మూత తీసి చూసి, మళ్లీ మూశాడు. ఉల్లిపాయల బస్తాల మీద కాకుండా తన ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. లాంచీ అలల్ని ఆపే బ్రేక్‌వాటర్ గోడ దాటేదాకా దీనా అక్కడే నిలబడింది.

సాయంత్రం ఆరు దాటాక ఫోన్ మోగింది. డ్యూటీ వేళ అతను ఎప్పుడూ ఫోన్ చెయ్యడు. దీనా డాబా మీదే ఉంది.

“ఒక మొగ్గ ఇచ్చుకుంది దీనా,” అన్నాడు. “సెకండింజనీర్ని అడిగి పావుగంట పైకొచ్చాను. గదిలో గ్లాసులో పెట్టి ఎదురుగా కూకున్నాను. రెండు నలిగిపోయాయి. ఒకటి సగంలో ఆగిపోయింది. ఇదొక్కటీ నా కళ్ల ముందే ఇచ్చుకుంది.”

“వాసన వచ్చిందా?” అని అడిగింది.

ముందు డీజిల్ వాసనే వచ్చిందనీ, అది తన చేతులదేననీ, రెండుసార్లు సబ్బుతో కడుక్కుని మళ్లీ వచ్చి కూర్చున్నాననీ చెప్పాడు. అప్పుడు వచ్చిందట. వంట చేసే పెద్దాయన అటుగా పోతూ గుమ్మంలో ఆగి, ఏమిటని అడక్కుండా లోపలికొచ్చి, మంచం అంచున కూర్చుండిపోయాడట. ఇంకా అక్కడే ఉన్నాడట.

సిగ్నలు కోసం జాక్సన్ డెక్కు మూలకొచ్చి మాట్లాడుతున్నాడు. గాలి చప్పుడు వినిపిస్తోంది.

“నన్ను ఇక్కడ దించట్లేదు,” అన్నాడు. “నా బదులు రావాల్సినోడు మెడికల్ టెస్టులో ఫెయిలైపోయాడంట. బెర్తు దొరకట్లేదని ఓడని పారాదీప్ రేవుకి పంపేత్తన్నారు. అట్నుంచి అటే మళ్లీ ఆస్ట్రేలియా. ఇంకో మూడు నెల్లు.”

“ఎప్పుడు తెలిసింది?”

“మంగళవారం. నువ్వు రోజూ డాబా ఎక్కి సూత్తన్నావు. ఎలగ సెప్పను?”

ఆమెకు కోపం రాలేదు. ఈ నాలుగు రోజులూ అతను ఒక్కడే దాన్ని మోశాడని మాత్రం అనిపించింది. ఎప్పుడు బయల్దేరుతారని అడిగింది. తెల్లారగట్ల లంగరు ఎత్తుతామన్నాడు. “చల్లగా ఉంటే పువ్వు రెండో రోజు దాకా నిలుస్తాదేమో సూడండి,” అంది. నిలవదని ఇద్దరికీ తెలుసు. పావుగంట అయిపోయిందని ఎవరో పిలిచారు. ఫోన్ పెట్టేశాక వెనక్కి తిరిగితే, తీగ మీద మిగిలిన అయిదూ ఎప్పుడో విచ్చుకుని ఉన్నాయి.

పుష్పకుమారికి ఆ రాత్రే చెప్పింది. ఆవిడ కాసేపు ప్రార్థన చేసుకుని, జాక్సన్ కోసం తెప్పించిన చేపలు ముక్కలు కోయకుండానే నారాయణమ్మ ఫ్రిజ్‌లో పెట్టించింది. పొద్దున్న దీనా డాబా ఎక్కేసరికి ఆ సందులో ఉత్త సముద్రమే ఉంది. స్నానం చేసి షాపుకు వెళ్లింది.

తీగ డిసెంబరు దాకా పూసింది. మొదట్లో రోజూ ఫొటోలు పంపేది. ఒక రోజు జాక్సన్, ఇంక పంపొద్దు, చూస్తే పని మీద మనసు నిలవడం లేదు అన్నాడు. సరేనని మానేసింది.

ఫిబ్రవరిలో ఎక్కడో పరాయి రేవులో దిగి, మూడు విమానాలు మారి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. వచ్చిన మొదటి రోజు తల్లి చేతి అన్నం తిని, దీనా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, వదల్లేదు. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. మూడో రోజు, ఏమిటి వింటున్నారని ఆమె అడిగింది. ఏమీ వినపడకపోవడమే కష్టంగా ఉందన్నాడు. ఓడలో పడుకుంటే కింద ఇంజిన్ మోగుతూనే ఉంటుంది, అది ఆగితే ఏదో చెడిపోయినట్టే, ఒళ్లు దానంతటదే లేచి కూర్చుంటుంది.

దీనా లేచి, అటక మీదున్న పాత కూలర్ దించింది. నీళ్లు పోయకుండా, మంచానికి దూరంగా, గోడ వైపు తిప్పి ఆన్ చేసింది. అది గడగడలాడుతూ మోగింది. ఫిబ్రవరి చలిలో కూలరేటని పక్క గదిలోంచి పుష్పకుమారి అడిగింది. జాక్సన్ అప్పటికే నిద్రపోయాడు.

మే నెలలో మళ్లీ ఓడెక్కాలి. ఆ మాట ఇంట్లో ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఆ మోతలో దీనాకు నిద్ర రాలేదు. అయినా అతని వైపు తిరిగి, ఊపిరికి లేచి పడుతున్న భుజాన్ని చూస్తూ, తెల్లారేదాకా అలాగే పడుకుంది.