గొళ్లేనికి నీలం శాలువా

జూలై పదకొండు. ఆ ఉదయం ఇద్దరం ఒక్క ఉడకబెట్టిన గుడ్డు పంచుకుని తిన్నాం. పచ్చసొన నా పళ్లెంలోకి తోసి, "నాకు సయించదు, మీరు తినండి" అంది మా ఆవిడ. అప్పటికే ఆమెకు ఏదీ సయించడం లేదు.

ఇద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. నది చేపల మొప్పలకు పట్టే తెగులు మీద ఆమె ఏళ్ల తరబడి తీసిన ఫొటోలను దూరదేశపు ప్రయోగశాల ఒకటి అడిగింది. అవి చేరితే మందు వెతకడం మొదలుపెడతామన్నారు. కాలేజీ మొత్తానికి ఉన్నది ఒక్క బక్క ఇంటర్నెట్ లైను. పెద్ద ఫైలు పంపేవాళ్లు కంప్యూటరు గది గొళ్లేనికి ఏదో ఒక గుడ్డ తగిలించేవారు. అది కనిపిస్తే ఇంకెవరూ లైను ముట్టుకోరు. మధ్యలో తెగిందంటే మళ్లీ మొదటినుంచీ పంపాలి.

ఆ రోజు ఆమె తన నీలం శాలువా తగిలించింది.

"మీ శాలువా వేలాడితే కాలేజీ అంతా ఊపిరి బిగబట్టాలమ్మా!" అన్నాడు ఫిజిక్స్ మాస్టారు.

"సాయంత్రం దాకా బిగబట్టండి అన్నయ్యా, పుణ్యముంటుంది."

మధ్యాహ్నం ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చాను. "ఫైలు అందిందని జవాబొస్తే చాలండీ" అంటూనే ఉంది.

పొద్దు వాలుతుండగా, ఆ వారమే చేరిన అటెండరు వానలో తడిసి ముద్దయి వచ్చాడు. చొక్కా లోపలినుంచి నీలం శాలువా తీశాడు. అది మాత్రం పొడిగా ఉంది.

"మేడంగారు గొళ్లేనికే మరిచిపోయినట్టున్నారు సార్. చలికి వణుకుతుంటారని పట్టుకొచ్చేశా."

గొళ్లెం ఖాళీగా కనిపించగానే అందరూ లైను మీద పడి ఉంటారు. ఫైలు తెగిపోయి ఉంటుంది. కసురుకోబోతుంటే ఆమె నా చెయ్యి నొక్కింది.

"ఎంత మంచి పని చేశావు నాయనా! కప్పు."

అతను వెళ్లాక, "అతనికి ఎప్పటికీ చెప్పకండి" అంది. "నిజంగానే చలేస్తోందండీ."

మర్నాడు ఫిజిక్స్ మాస్టారు మళ్లీ పంపబోతే వానకి లైనే లేదు. లైను బాగయ్యేసరికి ఆమె లేదు. ఆ తర్వాత ఆ ఫైలు ఎవరినీ తాకనివ్వలేదు, నేనూ తాకలేకపోయాను. గొళ్లేనికి గుడ్డ తగిలించడం కూడా అందరం మానేసి, నోటితోనే చెప్పుకునేవాళ్లం.

ఇన్నాళ్లకు నిన్న కాలేజీకి కొత్త కేబుల్ వచ్చింది. సాయంత్రం ధైర్యం చేసి కూర్చున్నాను. అటెండరు తెచ్చిన టీ చల్లారకముందే ఫొటోలన్నీ వెళ్లిపోయాయి. కాసేపటికి జవాబు: 'అందాయి. ఆమెకు మా కృతజ్ఞతలు చెప్పండి.'

"ఇవి మేడంగారు ఆ రోజు పంపినవే కదా సార్?" తెర మీది చేపలను చూస్తూ అడిగాడు అటెండరు. "మళ్లీ ఎందుకు?"

"ఇంకోసారి పంపమన్నారయ్యా."

"ఆ రోజు శాలువా అయినా వేళకి అందించాను సార్. నాకు అదొక్కటే తృప్తి."

"అవునయ్యా. చివరిదాకా అదే కప్పుకుంది."

నేను వరండాలోకి వచ్చాను. అతను లైటు ఆర్పి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి గొళ్లెం పెట్టాడు.