బెల్టుకు మూత

నరసరావుపేట శివార్లలోని పత్తి జిన్నింగు మిల్లులో మాబున్నీసా చున్నీ బెల్టులో చిక్కింది. ఆ బెల్టుకు మూత లేదు. పక్కన పనిచేస్తున్న ఫాయిజా ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. చెయ్యి జారిపోయింది. శవాన్ని ఆసుపత్రికి పంపి, నేల కడిగించి, ఆ సాయంత్రమే మిషను మళ్ళీ తిప్పించారు.

ఫాయిజా తిరిగి పనికొచ్చిన రోజున మేనేజరు రాజేష్ ఆమెను అదే మిషను దగ్గర నిలబెట్టాడు. భయపడ్డ చోటే నిలబెడితే భయం పోతుందట. మిషను మొదలవగానే ఆమె చెవులు మూసుకుని గోడవారన కూలబడింది. నాటకాలని అతను నవ్వాడు.

మా షిఫ్టు మేస్త్రి గుల్జార్ బేగం వచ్చి ఆమె పక్కన నేలమీదే కూర్చుంది. ధైర్యం చెప్పలేదు. మరిచిపొమ్మనలేదు. ఒక్కటే అడిగింది.

“నీకేం కావాలో నువ్వే చెప్పు బిడ్డా.”

“ఆ చప్పుడు ఇనపడని కాడ ఏ పనైనా చేస్తా ఆపా. చెప్పాపెట్టకుండా మాత్రం మిషను ఏయొద్దు.”

గుల్జార్ ఆమెను బయట ఆవరణలో పత్తి ఏరే పనికి మార్చింది. కేకేసి అందరికీ చెప్పాకే స్విచ్చి వేయాలంది. ఒకరి మీద జాలిపడితే ఆ పనంతా మన నెత్తిన పడుతుందని మాలో కొందరు సణిగారు. పూర్ణిమ గట్టిగానే వాదించింది.

“నీకు రాత్రిళ్ళు నిద్ర పడతందా పూర్ణిమా?” అని అడిగింది గుల్జార్.

నిద్ర మాలో ఎవరికీ పట్టడం లేదు. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక్కొక్కరే నోరు విప్పారు. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు. అన్నం మెతుకులు చేతిమీదే ఎండిపోయాయి. చివరికి అందరి మాటా ఒకటే అయింది. బెల్టుకు మూత కావాలి.

మేం అడిగిన మూతకు బదులు సభ వచ్చింది. యజమాని పట్నం నుంచి వక్తను పిలిపించాడు. కరుణతో పని చేయించుకోవడం గురించి, మనసుకు తగిలే గాయాల గురించి ఆయన మైకులో చక్కగా మాట్లాడాడు. మాబున్నీసా పేరు ఒక్కసారీ ఎత్తలేదు. బిస్కెట్లు పంచారు. ఆఖర్న, కోలుకున్న కార్మికురాలంటూ ఫాయిజాను షెడ్డులోకి లాక్కుపోయి, ఆమెచేత స్విచ్చి వేయించి ఫొటో తీయబోయారు.

గుల్జార్ అడ్డం వెళ్ళి మెయిన్ స్విచ్చి కట్టేసింది.

“ఏందిది? పక్కకు జరుగు,” అన్నాడు రాజేష్.

“కరుణంటే బిస్కెట్టు కాదు సార్. మూత బిగించండి. బిగించిందాకా ఇది తిరగదు.”

మిల్లు ఆస్తికి నష్టం చేసిందని పోలీసులు గుల్జార్‌ను జీపెక్కించారు. మిషను మీద గీత కూడా పడలేదు. మాబున్నీసా చచ్చిపోయిన రోజు ఆ జీపు ఇంత తొందరగా రాలేదు.

మర్నాడు మిషను తిప్పమని రాజేష్ కబురు పెట్టాడు. మేం గేటు దగ్గర గుమిగూడి వాదులాడుకున్నాం. పని పోతుందన్నవాళ్ళున్నారు, కేసులకు భయపడ్డవాళ్ళున్నారు. మా మాటలు తెగకముందే ఫాయిజా షెడ్డులోకి నడిచింది. బెల్టుకెదురుగా నేలమీద కూర్చుంది. పూర్ణిమ వెళ్ళి ఆమెకు ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాత మేమంతా.

రాజేష్ ఫోను చేశాడు. ఈసారి జీపు కాదు, వ్యాను వచ్చింది. ఎస్సై లేవమన్నాడు.

“మా గుల్జార్ ఆపా యాడుందో మమ్మల్నీ ఆడికే తీసకపోండి,” అంది ఫాయిజా. “మూత లేందే ఇది మాత్రం తిరగదు.”

ఆమె ఒళ్ళంతా వణుకుతూనే ఉంది. వణకొద్దని మేమెవరమూ అనలేదు.