సున్నా లేని ఉదయం

ఈ ఉదయం చూస్తే కొలమానాలన్నింటి నుంచీ సున్నా పోయి ఉంది.

నేను ఈ రేవులో వాతావరణ పరిశీలకుణ్ణి. ఎనిమిదింటికి రీడింగులు తీస్తాను. వానమాపకం మీద గీతలు ఒకటి దగ్గర మొదలవుతున్నాయి. గాలి లేదు, అయినా గాలిమాపకం గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి. భూకంపాల సూది నిలవడం లేదు. గోడ సున్నం రాలి నా టీలో పడుతోంది. తాగుతాను.

తొమ్మిదింటికి నూకాలు చేపల బండి తోసుకుంటూ వస్తుంది. బండి మీద ఆమె మొగుడు దానయ్య ఉన్నాడు. వేటకెళ్ళినవాడు నిన్న ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

"సచ్చిపోనాడని రాయనంతన్నాడు బాబూ డాకటేరు. నాడి నిమిసానికి ఒకటి కొడతందట."

"ఒకటి ఉంటే బతికున్నట్టేగా, నూకాలమ్మా."

"గెంజి పోత్తే నోట్లోంచి ఇసక వత్తంది. అదేం బతుకు?"

దానయ్య చంకలో థర్మామీటరు పెడతాను. ఒక డిగ్రీ. అతని కళ్ళు నా వైపు తిరుగుతాయి.

"సల్లగుంది బాబూ," అంటాడు. "దిగుదారంటే కింద మెట్టు నేదు."

నూకాలు నా రిజిస్టరు తెచ్చి ముందు పెడుతుంది.

"ఈ రేవులో అంకెలు రాసేది నువ్వే. సున్నా రాసీ."

ఇరవై రెండేళ్లలో కంటికి కనబడని అంకె ఒక్కటీ రాయలేదు. ఆ మాటే చెబుతాను.

"నేను రాస్తే ఇక లేవడు," అని కూడా చెబుతాను.

"నెగడని నాకు తెల్దా? నిన్నట్నించీ నన్నే సూత్తన్నాడు. ఆ సూపు నాను మొయ్యనేను."

దానయ్య పేరు రాసి, పక్కన సున్నా చుడతాను. చివరలు కలవవు. రెండోసారి కలుపుతాను.

అతని ఛాతీ ఆగుతుంది. నూకాలు అతని కళ్ళు మూసి, ఆ ఛాతీ మీద తల పెట్టి, నిన్నటి నుంచి ఏడవని ఏడుపంతా ఏడుస్తుంది.

అప్పుడు సముద్రం కూడా ఆగుతుంది. తాటిచెట్టంత అల లేచింది లేచినట్టే నిలబడిపోతుంది.

పేటలోని ఆడవాళ్ళు చేపల కత్తులు పట్టుకుని వస్తారు. అలను ముక్కలుగా కోసి గంపల్లో సర్దుకుంటారు. ఒక్క చుక్క కారదు. నూకాలు ముఖం తుడుచుకుని వెళ్ళి తన వాటా కోసుకొస్తుంది.

గంప తలకెత్తడానికి ఒక చెయ్యి వేస్తాను. ఆ నీటిముక్క లోపలి నుంచి ఎవరో మెల్లగా, మర్యాదగా, నిమిషానికి ఒకసారి తలుపు తడుతున్నారు.