నా స్టూలు మీద కన్ను

ఎవరైనా పాట వింటూ కాలు ఆడిస్తే నాకేం అభ్యంతరం లేదు. తాగినవాళ్ళు ఆడిస్తారు, తాగనివాళ్ళూ ఆడిస్తారు. కానీ కుడికాలు ఒక లెక్కలో, ఎడమ మడమ ఇంకో లెక్కలో, బల్ల మీద వేళ్ళు మళ్ళీ వేరే లెక్కలో ఆడుతున్నాయంటే అది ఊరికే వినేవాళ్ళ పని కాదు. అది డ్రమ్ములు వాయించేవాళ్ళ రోగం. నాకూ ఉంది కాబట్టి ఎదుటివాళ్ళలో ఇట్టే పట్టేస్తాను.

ఆ సాయంత్రం మొదటి బార్లో స్టేజీకి ఎదురుగా కూర్చున్న పిల్లకి ఆ రోగం నిండా ఉంది. పాతికేళ్ళుంటాయేమో. పొట్టి జుట్టు, ముందర నిమ్మకాయ సోడా. ఆ సోడా ముట్టుకుంటే ఒట్టు. బావ గిటారు వైపు చూడదు, మాస్టారి కీబోర్డు వైపు చూడదు. నా చేతుల్నే చూస్తోంది.

మాది ముగ్గురి బ్యాండు. బావంటే మా అక్క మొగుడు, గిటారు వాయిస్తూ పాడతాడు. మాస్టారు పగలు బళ్ళో లెక్కలు చెబుతాడు. నేను ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పనిచేస్తాను. శనివారం వచ్చిందంటే ఒకే వీధిలో మూడు చిన్న బార్లు, ఒకదాని తర్వాత ఒకటి. ఏ బారు డ్రమ్ములు ఆ బార్లోనే ఉంటాయి, నేను కర్రలు పట్టుకెళ్తే చాలు. వారమంతా ఆ మిషను రొద భరించేది ఈ ఒక్క సాయంత్రం కోసమే. ఆ స్టూలు మీద కూర్చుంటేనే నేను మనిషిని. మిగతా రోజుల్లో మా ఇంట్లో పిల్లి కూడా నన్ను లెక్కచెయ్యదు.

మా లోకంలో ఒక పద్ధతుంది. ఒకరి చోటులోకి కొత్తవాళ్ళు రావాలంటే, ముందు ఒక సాయంత్రం ఎదురుగా కూర్చుని పాటలన్నీ చూసుకుంటారు. ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ విరవాలి. ఎవడూ రాసివ్వడు, చూసి పట్టుకోవాల్సిందే. నేనూ ఈ బ్యాండులోకి అలా వచ్చినవాణ్ణే. అందుకే ఆ పిల్లని చూడగానే, వచ్చింది నా స్టూలు కోసమేనని తేలిపోయింది.

"ఎవరు బావా ఆ పిల్ల?" విరామంలో అడిగాను.

"ఏ పిల్ల?" అన్నాడు బావ, ఆ పిల్ల ఉన్న వైపు తప్ప అన్ని వైపులా చూస్తూ.

చూశారా! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే. మాస్టారు పక్కనుంచి ఏదో గొణిగాడు. ఈమధ్య అందరికీ గొణగడం అలవాటైపోయింది. మా ఆవిడ గొణుగుతుంది, ప్రెస్సు మేనేజరు గొణుగుతాడు, ఆఖరికి టీవీలో వార్తలు చదివేవాళ్ళు కూడా గొణుగుతున్నారు. "ఏంటి మాస్టారూ?" అంటే "ఏం లేదు, ఏం లేదు" అన్నాడు. ఏం లేనిదానికి రెండుసార్లు చెప్పడం ఎందుకో?

రెండో బారుకి మెట్లు దిగి వెళ్ళాలి. కప్పు ఎంత కిందికి ఉంటుందంటే, ఊపులో కర్ర ఎత్తితే సున్నం రాలుతుంది. డ్రమ్ముల వెనకే బాత్రూము తలుపు. పాట మధ్యలో ఎవడో ఒకడు "కొంచెం జరుగు గురూ" అంటూ నా మోచేతి కింద నుంచి దూరుతుంటాడు. అలా దూరినవాణ్ణి తిట్టుకుంటూ తలెత్తేసరికి ఎదురుగా ఆ పిల్ల. మళ్ళీ సోడా. మళ్ళీ వేళ్ళు. బావ ఆ పిల్ల వైపు చూసి తల ఆడించాడు. ఆ పిల్ల కూడా ఆడించింది.

ఒళ్ళు మండిపోయింది నాకు. సొంత బావ! మా అక్కని చేసుకునే ముందు నా చుట్టూ తిరిగి కాకా పట్టిన మనిషి! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ నేను పట్టేశాను. సరే, నేర్చుకోవాలనుందా? నేర్పిస్తా అనుకున్నాను.

మాది ఒక హుషారు పాటుంది. చివరి పల్లవికి ముందు ముగ్గురం టక్కున ఆగాలి, జనం ఊపిరి బిగబట్టాలి, అప్పుడు మళ్ళీ అందుకోవాలి. ఆ రోజు నేను ఆగలేదు. దంచుకుంటూ పోయాను. ఆ తర్వాతి పాట రెండు దెబ్బలతో ముగియాలి, ఒక్కదానితో ముగించేశాను. నేర్చుకో తల్లీ, తప్పులన్నీ శుభ్రంగా నేర్చుకో. రేపు నా స్టూలెక్కి జనం ముందు బొక్కబోర్లా పడు.

తమాషా ఏమిటంటే బావ తడబడలేదు. నేను ఆగకపోతే తనూ ఆగకుండా పాడుకుంటూ పోయాడు. మాస్టారు వేళ్ళు జారించి నాతో కలిసిపోయాడు. ఒక్కరి మొహంలోనైనా మార్పు లేదు. ఇదివరకైతే విరుపు కాస్త అటూ ఇటూ అయితే చాలు, "ఒరేయ్, నిద్రపోతున్నావా?" అని మైకులోనే కేకేసేవాడు బావ. ఇప్పుడు తిట్టడం మానేశాడంటే అర్థమేంటి? పోయేవాడితో గొడవెందుకని! అందరూ కూడబలుక్కున్నారన్నమాట. అక్కక్కూడా తెలిసే ఉంటుంది. లేకపోతే పొద్దున ఫోన్లో "ఎలా ఉన్నావురా, బాగా తింటున్నావా?" అని అంత ప్రేమ ఎందుకు ఒలకబోస్తుంది? నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మూడో బారు వీధి చివర ఉంటుంది. కాస్త మర్యాదైనది, బల్లల మీద గుడ్డలుంటాయి. ఆ సాయంత్రం నిలబడ్డానికి కూడా చోటు లేదు. సగంలో బావ గిటారు పక్కన పెట్టి నా దగ్గరకొచ్చాడు.

"ఒరేయ్, ఆ అమ్మాయి డ్రమ్ములు వాయిస్తుంది. హుషారు పాట ఒక్కటీ ఇద్దాం."

"ఇద్దామా అని అడుగుతున్నావా, ఇచ్చెయ్యమని చెబుతున్నావా?"

"ఒక్క పాటేరా."

"ఏకై వచ్చి మేకై కూర్చునేవాళ్ళంతా మొదట ఒక్క పాటే అంటారు. నా మొహం చూసి చెప్పు బావా. నా బదులు మనిషిని తెచ్చావా లేదా?"

బావ అప్పుడు చూశాడు నా మొహంలోకి. చూడకుండా ఉంటేనే బాగుండేది. "తెచ్చాను" అన్నాడు. చంటిపిల్లాడికి చెప్పినట్టు, పెదాలు బాగా కదుపుతూ, ముక్క ముక్కగా చెప్పాడు.

తిట్టడానికి నోరు తెరిచేసరికి ఆ పిల్ల వచ్చి నిలబడింది. "నమస్తే బాబాయ్" అంది. నేను లేచి పక్కకి జరిగినా స్టూలు మీద కూర్చోలేదు. కూర్చోమని నేను చెప్పాలని చూస్తోంది. చంపెయ్యాలన్నంత కోపంలో ఉన్నానా, ఆ మర్యాద చూసి మనసు మెత్తబడింది. ఇంకో నిమిషంలో ఈ పిల్ల నేను నేర్పిన తప్పే వాయిస్తుంది. బావ ఆగుతాడు, పిల్ల ఆగదు, పాట కుప్పకూలుతుంది, జనం నవ్వుతారు. బావ మీద కోపముంటే బావ జుట్టు పట్టుకోవాలి గానీ మధ్యలో పాట చేసిన పాపమేంటి?

"అమ్మాయ్, ఒక మాట" అన్నాను. "రెండో బార్లో నేను కావాలని తప్పు వాయించాను. నువ్వు తప్పుగా నేర్చుకోవాలని. ఈ పాటలో చివరి పల్లవికి ముందు ఆగాలి. తర్వాతి పాటకి ముగింపు రెండు దెబ్బలు. బుద్ధి గడ్డి తిని చేశాను. ఏమనుకోకు."

మాస్టారు కుర్చీలో అటు తిరిగిపోయాడు. బావ తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఆ పిల్లకి కోపం కూడా రాలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, నా చెవి దగ్గరకి వంగి గట్టిగా అడిగింది.

"ఆ రెండేనా బాబాయ్?"

"రెండే. ఒట్టు."

"మరి మొదటి బార్లో నెమ్మది పాట? సార్ ఇంకా పాడుతుండగానే మీరు ముగించేశారు కదా. పాపం, సార్ ఆఖరి చరణం వదిలేసుకున్నారు. అది కావాలని కాదా?"

పాడుతుండగానేమిటి? బావ గొంతు వినబడ్డం మానేసింది, పాట అయిపోయిందనే కదా నేను ఆపింది! ఈ పిల్లకి మతి ఉందా అనబోతూ బావ వైపు తిరిగాను. బావ కళ్ళలో నీళ్ళున్నాయి. గోడకి ఆనుకున్నాను.

"ఇంకా ఏవేవమ్మా?" అన్నాను.

ఆ పిల్ల చెప్పమంటారా అన్నట్టు బావ వైపు చూసింది.