వెర్నా ట్రైలర్ తలుపు పక్క

వెర్నా ట్రైలర్‌కి, అంటే ఆమె ఉండే చక్రాల ఇంటికి, ఈసారి మా బళ్ల పార్కులో చోటివ్వరట. లాండ్రీ గదిలో తువాళ్లు మడతపెడుతూ పక్క బండి ఓపల్ చెప్పిందని మా ఆవిడ వచ్చి నాకు చెప్పింది. బండి పైపూతంతా పాము కుబుసంలా లేస్తోందట. మేనేజర్ డ్వేన్ శుక్రవారం ఫోటోలు తీస్తాడట.

మా పార్కు నియమం అలాంటిది. బండికి పదేళ్లు దాటితే నాలుగు పక్కలా ఫోటోలు పార్కు యజమానికి పంపాలి. కంటికి బాగుంటేనే ఆ చలికాలం ఇక్కడ ఉండనిస్తారు. వెర్నా ట్రైలర్‌కి పందొమ్మిదేళ్లు. మొగుడు హ్యూబర్ట్ పోయి ఏడాదయింది. ఒంటరిగా మిన్నెసోటా మంచులోకి తిరిగి వెళ్లాలంటే ఆమెకు ప్రాణం ఒప్పడం లేదు. ఆమెకు తోడున్న మనుషులంతా ఈ అరిజోనా ఇసుకలోనే ఉన్నారు.

తప్పు హ్యూబర్ట్‌దే. బండి ఫైబర్ ఒంటి మీది జెల్ కోట్ అనే మెరుపు పూత ఎండకు సుద్దలా పాలిపోతే, దాన్ని అరగదీసే ఓపిక లేక, ఏటా నేలకు వేసే పాలిష్‌ని తుడుపుకర్రతో పూసేవాడు. రెండు నెలలు అద్దంలా ఉండేది. తర్వాత పసుపెక్కి పొరలుగా లేచేది. మాలో సగం మంది చేసిన పనే అది. నేనూ చేశాను.

మంగళవారం పొద్దున్నే మా పార్కులోనే ఉండే ఆర్విడ్ బకెట్ పట్టుకుని వచ్చాడు. ముప్ఫై ఏళ్లు పడవలు బాగుచేసిన మనిషి.

"మీ ఆయన మంచోడే గానీ వెర్నా, బండిని వంటింటి నేల అనుకున్నాడు."

"వంటింటి నేల మాత్రం ఒక్కనాడూ తుడవలేదులే."

అమ్మోనియా నీళ్లతో రుద్దుతుంటే పసుపు జిగురు కారింది. తలుపు పక్కన, బండి కొన్ననాడు హ్యూబర్ట్ అంటించిన అక్షరాలు కూడా ఊడి వచ్చేశాయి. వాటి కింద ఎండ తగల్లేదు. పాలిపోయిన ఒంటి మీద "హ్యూబర్ట్, వెర్నా" అని వంకరగా, కొత్త మెరుపుతో కనిపించింది.

ఆర్విడ్ స్పాంజి దించేశాడు. "చుట్టూ మెరిస్తే ఇది కలిసిపోతుంది. ఇక కనపడదు."

వెర్నా ఆ పేర్లను వేలితో ఒకసారి నిమిరి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఎండ ముదరకముందే పని. రెండడుగుల మేర చొప్పున తడి గరుకు కాగితం, ఆపైన మిషన్‌తో ముద్ద పాలిష్, చివర మైనం. వైరు పట్టుకోవడం, వంకలు పెట్టడం నా వంతు. గురువారం ఓపల్ ఓవెన్‌లో కాల్చిన క్యాసరోల్ వంటకం వేడివేడిగా తెచ్చి, ట్రైలర్‌లో తన మొహం చూసుకుంది.

"ఇంత ముసలిదాన్ని ఎప్పుడయ్యాను?"

"నీ బండి కూడా రుద్దమంటావా?" అన్నాడు ఆర్విడ్, మిషన్ ఆపకుండానే.

పేర్లున్న చోటికి వచ్చేసరికి మిషన్ ఆగింది. వాటి చుట్టూ జానెడు మేర వదిలేసి పక్కకు జరిగాడు. అలా వదలమని ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం డ్వేన్ వచ్చి మూడు పక్కలా ఫోటోలు తీసి, బాగుందన్నాడు. తలుపు పక్కకు వచ్చి ఫోన్ దించాడు.

"ఈ ముక్క కూడా రుద్దించండి, వెర్నా గారూ. ఫోటోలో మురికిలా పడుతుంది. సాయంత్రం మళ్లీ వస్తాను."

ఆర్విడ్ మిషన్ వైరు చుట్టడం మొదలుపెట్టాడు. వెర్నా మడతకుర్చీ ఈడ్చుకొచ్చి, సరిగ్గా ఆ పేర్లకు అడ్డంగా వేసుకుని కూర్చుంది. జుట్టు సవరించుకుంది.

"ఇప్పుడు తియ్యి. పదేళ్లు దాటింది పనికిరాదంటే, నన్ను కూడా గేటు బయట పెట్టమని యజమానికి రాయి."