కాల్వకట్ట మీది నర్సమ్మ

రెండు వేల ఇరవై నాలుగు, నవంబరు నెల చివరి ఆదివారం, ఇరవై నాలుగవ తేదీ. స్థలం: మిర్యాలగూడ, దేవసహాయం ఇల్లు. హాజరైనవారు: దేవసహాయం, సూర్యాపేట నుంచి సుధ, కోదాడ నుంచి దీప. రానివారు: లేరు.

సమావేశాల తీర్మానాల పుస్తకంలో అంతవరకు రాసి దేవసహాయం కలం ఆపాడు. సమావేశం పది గంటలకు. బయట ఇంకా చీకటి విడలేదు. తేదీనీ హాజరునూ ముందే రాసిపెట్టుకోవడం అతనికి ఏళ్లుగా ఉన్న అలవాటు. రాని మనుషులను వచ్చినట్టు రాయడం కూడా ఒక రకం అబద్ధమేనని ఆ తెల్లవారుజామున మొదటిసారి తోచింది. తోచగానే గత నెల అబద్ధం గుర్తుకొచ్చింది. నిజానికి దాన్ని మరచిందెప్పుడు?

యాభై దాటిన దేవసహాయం ఒకప్పుడు డిగ్రీ కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పేవాడు. ఇప్పుడు రైసుమిల్లుల వైపు సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని, ప్రచురణకర్తలు పంపే ప్రూఫులు దిద్దుతూ బతుకుతున్నాడు. సరుకులు ఫోను చేస్తే గుమ్మంలోకి వస్తాయి. గడప దాటవలసిన అవసరాలను ఒక్కొక్కటిగా తొలగించుకున్నాడు. మిగిలింది నెలకొకసారి జరిగే ఈ సమావేశమే. దానికి "నెల ముచ్చట" అని పేరు పెట్టింది సుధ. సుధ, దీప ఇద్దరూ అతని పాత విద్యార్థినులు. సుధ సూర్యాపేట దవాఖానలో నర్సు. దీప కోదాడలో డ్రాయింగ్ టీచరు.

నియమాలు మాత్రం దేవసహాయం పెట్టాడు. ఆ నెలలో చదివి ఇష్టపడిన పుస్తకం ఒకటి చెప్పాలి. అందులోంచి వాక్యం ఎత్తి చూపితే ఎవరిదో, ఏ పేజీలోదో చెప్పాలి. టారో కార్డుల కట్టలోంచి ఒక కార్డు తీసి, జోస్యం జోలికి పోకుండా, ఆ బొమ్మ గురించి మాట్లాడుకోవాలి. చివరగా, ఆ నెలలో స్వయంగా అనుభవించిన చిన్న సంతోషం ఒకటి పంచుకోవాలి. విన్నవాళ్లు మళ్లీ కలిసేలోగా దాన్ని తామూ రుచి చూసి రావాలి. సుధ చెప్పిన జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డలను అందరూ తిన్నారు. దీప చెప్పిందని, వేసవిలో డాబా మీద నీళ్లు చల్లి ఆ వాసన పీల్చారు.

అక్టోబరు సమావేశం కోదాడలో, దీప ఇంట్లో జరిగింది. అప్పటికి నెల ముందే ఆమె తల్లి శాంతమ్మ చనిపోయింది. దీప తల వంచుకుని కూర్చుంది. పుస్తకం తేలేదు, కార్డు తీయలేదు. దేవసహాయం వంతు వచ్చింది. అతనికి ఆ నెలలో చెప్పుకోదగ్గ సంతోషమేదీ లేదు. శాంతమ్మ దినాలకు చిలుకూరు వెళ్లింది తప్ప గుమ్మమే దాటలేదు. ఏమీ లేదని చెప్పడానికి నోరు తెరిచి, మరొకటి చెప్పాడు.

వేములపల్లి దారిలో కాల్వకట్ట మీద నర్సమ్మ అనే ముసలామె తెల్లారకముందే చాయ్ పెడుతుందన్నాడు. నోట్లో పండ్లు లేవన్నాడు. చాయ్‌ని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ధారలా పోస్తుందన్నాడు. రోజూ నడిచి వెళ్తున్నానన్నాడు. ఎవరు వచ్చినా, "వచ్చినవా బిడ్డా, నీ వంతు తీసిపెట్టిన" అంటుందన్నాడు. ఆ మాటకు దీప తలెత్తింది. కళ్లలో నెల రోజులుగా లేని వెలుగు. ఆ వెలుగు ఆరిపోకూడదని ఇంకా చెప్పాడు: కాల్వ నీటి మీద పొగమంచు, పొయ్యి మీద ఆవిరి. జాలితోనే చెబుతున్నానని నచ్చజెప్పుకున్నాడు. కానీ తన వాక్యాలు ఎంత చక్కగా వస్తున్నాయో కూడా చెవులారా విన్నాడు. ఇద్దరూ వచ్చి చూస్తారేమోనన్న భయంతో, ఆరు కొట్టేసరికి ఆమె సామాను సర్దుకుంటుందని చివర్లో ఒక ముడి వేశాడు.

తలుపు దబదబా చప్పుడైంది.

"సారూ! లేసిండ్రా? చద్దర్లకెల్లి బయటికి రాండ్రి!"

సుధ గొంతు. తలుపు తీస్తే స్వెటరు వేసుకుని ఆమె, వెనక ఒక అట్టపెట్టెను గుండెకు హత్తుకుని దీప.

"పది గంటలకు గదమ్మా మనం కలిసేది?"

"మీ నర్సమ్మ పది దాకా ఉంటదా? ఆరు కొట్టంగనే సదురుకుంటదని మీరే అన్నరు గద. అందుకే దీపను నిన్ననే మా ఇంటికి పిలిపించుకున్న. తెల్లారకముందే కార్ తీసిన. తొవ్వ పొడుగూత వడ్ల ట్రాక్టర్లే, ఎనుక ఒక్కదానికి లైటు లేదు. మీ చాయ్ కోసం పానం అరచేతుల పెట్టుకొని వచ్చిన."

"చెప్పకుండా వచ్చేశాం సార్," అంది దీప. "చెప్తే చలి అనీ, మంచు అనీ మీరు వద్దంటారని అక్కే అంది." పెట్టె ముందుకు చాపింది. "కార్డులన్నీ పూర్తయ్యాయి."

ఏడాదిగా దీప సొంతంగా గీస్తున్న టారో కట్ట అది. కూలిపోయే గోపురం ఉండవలసిన చోట మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం గీసింది. రథం కార్డులో వడ్ల ట్రాక్టరు ఉంది. లాంతరు పట్టుకున్న ఒంటరి సన్యాసి బదులు, చార్జింగ్ లైటు వెలుగులో ప్రూఫులు దిద్దుతున్న మనిషి.

"గడ్డం ఒక్కటి తక్కువ, మిగతాదంత మీరే సార్," అని సుధ పకపకా నవ్వింది.

దీప అన్నిటికంటె కిందున్న కార్డు తీసింది. నక్షత్రం. మామూలు కట్టలో ఒక స్త్రీ రెండు కూజాలతో నీళ్లు పోస్తూ ఉంటుంది. ఇక్కడ కాల్వకట్ట మీద, వేగుచుక్క కింద, బోసినోటి ముసలామె చాయ్ పోస్తోంది.

"ఈ ఒక్క కార్డే ఎన్ని నెలలైనా కుదరలేదు సార్. మీరు చెప్పాక రెండు రోజుల్లో వచ్చేసింది. దీన్ని ఆమెకు చూపించాలి. ఆమె నోటితో ఆ మాట ఒక్కసారి వినాలి."

"ఈ మధ్య ఆమె వస్తున్నట్టు లేదమ్మా, అనుకుంటా."

"అనుకుంటా ఏంది? రోజూ పోతున్న అంటిరి?" అంది సుధ.

దేవసహాయం చెప్పులు వేసుకున్నాడు.

కారులో దీప వెనక నుంచి మెల్లగా అంది. "ఒకటి చెప్పనా సార్? మా అమ్మ కూడా అచ్చంగా అదే మాట అనేది. వచ్చినవా బిడ్డా, నీ వంతు తీసిపెట్టిన. మీకు ఎప్పుడూ చెప్పలేదు కదూ నేను? ఎక్కడి మిర్యాలగూడ, ఎక్కడి చిలుకూరు! ఆ రోజు మీ నోట విన్నప్పుడు, ఈ మాట ఇంకా లోకంలో ఎక్కడో ఉంది అనిపించింది. దాన్ని పట్టుకునే లేచి తిరుగుతున్నాను."

 ఆమె చెప్పింది. దినాల రోజు చిలుకూరులో, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల మధ్య, ఎర్రబడిన కళ్లతో వచ్చినవాళ్లందరికీ చెప్పింది. చెప్పిన సంగతి ఆమెకే గుర్తులేదు. అతనికీ, కోదాడలో నర్సమ్మ నోట పెట్టినప్పుడు, గుర్తులేదు. ఇంటికి వచ్చి తీర్మానాలు సాపు రాస్తున్నప్పుడు ఆ మాట ఎవరిదో తెలిసింది. తెలిసీ సంతకం చేశాడు.

"కుడికా, ఎడమకా?" వంతెన దగ్గర సుధ అడిగింది.

"ఎడమకు," అన్నాడు దేవసహాయం. ఏ వైపైనా ఒకటే కదా.

కట్ట మీద కొంత దూరం పోగానే మంచులో ఒక బల్బు కనిపించింది. కింద చిన్న గ్యాస్ పొయ్యి, గిన్నెలు, ఉన్ని శాలువా కప్పుకున్న ఒక స్త్రీ. వడ్ల లారీల డ్రైవర్లు ఇద్దరు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు.  ప్రార్థన మానేసి చాలా కాలమైన దేవసహాయం, ఒక్క క్షణం, తాను కల్పించింది నిజమైతే బాగుండునని కోరుకున్నాడు.

దీప కారు దిగి, గుడి మెట్లెక్కుతున్నట్టు నెమ్మదిగా నడిచింది. ఆ స్త్రీ తలెత్తింది.

"ఏం గావాలె? చాయా, బిస్కిటా?"

"నర్సమ్మంటే మీరేనా అమ్మా?"

"నర్సమ్మ ఎవలు? నా పేరు భూలి."

దీప కార్డు చాపింది. భూలి దాన్ని బల్బు కిందికి పట్టుకుని చూసింది. "పోసుడు నా లెక్కనే పోస్తున్నది గని, నేను గాదు. గీమె నోట్ల ఒక్క పన్ను లేదు. నావి సూడు, ఒక్కటన్న ఊడిందా?" అని రెండు వరుసలూ చూపించింది. డ్రైవర్లు నవ్వారు. సుధ కూడా నవ్వి, "యాడీ" అని, అమ్మా అన్నట్టు పిలిచి, తమ లంబాడీ తండాల భాషలోకి దిగింది. దేవసహాయానికి ఆ భాష రాదు. అయినా నర్సమ్మ పేరు రెండుసార్లు వినిపించింది. భూలి తల అడ్డంగా ఊపింది. కూర్చున్న చోటును అరచేత్తో చరిచింది. కట్ట ఆ కొస నుంచి ఈ కొసకు వేలు తిప్పి చూపింది. చివరికి దేవసహాయం ముఖంలోకి చూసి ఏదో అడిగింది. సుధ నవ్వు ఆగిపోయింది.

"సార్," అంది, గొంతు తగ్గించి. "మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?"

నర్సమ్మ మఠంపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట, మోకాళ్ల నొప్పులట, అనే వాక్యం అప్పటికే అతని నాలుక మీద సిద్ధంగా ఉంది. మంచి వాక్యం, ఎక్కడా అతుకు కనిపించదు. అందుకే అతనికి భయం వేసింది.

"దీపా, నర్సమ్మ లేదు."

"ఇవాళ రాలేదా సార్?"

"ఏ రోజూ లేదు. నేనూ ఏ రోజూ రాలేదు. ఈ కట్ట ఎక్కడం నాకు ఇదే మొదలు. చెప్పడానికేమీ లేక, కల్పించి చెప్పిన."

దీప కార్డు వైపు చూసింది. "మరి ఆ మాట?"

"అది నీ దగ్గర విన్నదే. దినాల రోజు నువ్వే చెప్పినవ్. కోదాడలో నోటికి వచ్చింది. ఎవరిదో తర్వాత తెలిసింది. తెలిసి కూడా ఊరుకున్న."

"నోటికి వచ్చింది," అని దీప నెమ్మదిగా తిరిగి పలికింది.

"ఏం సారూ గిది!" సుధ ఉండబట్టలేకపోయింది. "పేజీ నంబరు చెప్పకపోతే మా నోరు మూపిచ్చేటోళ్లు మీరు! ఎవలిదో చెప్పకుండ ఒక్క ముక్క చెల్లదంటిరి! సచ్చిపోయిన మనిషి మాట తీస్కపోయి..."

"లొల్లి తర్వాత పెట్టుకోండ్రి," అంది భూలి, మూడు గ్లాసులు ముందుకు జరిపి. "చాయ్ సల్లగైతున్నది."

దీప గ్లాసు అందుకుంది. కాల్వ వైపు తిరిగి చివరిదాకా తాగింది. ఆమె భుజాలు కదలలేదు. ఏడ్చినా బాగుండుననుకున్నాడు దేవసహాయం.

కారు తిరిగి రైసుమిల్లుల వైపు మళ్లింది. సందు మొదట్లో తనను దింపి వాళ్లు వెళ్లిపోతారని అతను ఎదురుచూశాడు. దీప దిగింది. "మీటింగ్ ఉంది కదా," అంది, అంతే. సుధ అతని వంటింట్లో డబ్బాలు వెదికి, విసుక్కుంటూ, ఉప్మా చేసింది. పది గంటలకు ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

"గత నెల తీర్మానాలు చదవండి సార్," అంది దీప.

ప్రతి సమావేశానికీ మొదలు అదే; ఆ ఆనవాయితీ కూడా అతను పెట్టిందే. చదివాడు. తన చేతివ్రాతలో పొగమంచు, ఆవిరి, ధారలా జారే చాయ్, అన్నీ ఉన్నాయి. ఒక్క విశేషణమైనా వదలనివ్వలేదు దీప చూపు. శాంతమ్మ మాట దగ్గర చదవడం ఆపాడు. దీప పేజీ వైపు చూపింది. అతను మళ్లీ మొదలుపెట్టి చదివాడు.

"సవరణలు ఏమైనా ఉన్నవా?" అని అడగక తప్పలేదు.

"ఉంది. వేరే కాగితం మీద రాయండి." ఆమె తడబడకుండా చెప్పుకుపోయింది. "నర్సమ్మ అనే మనిషి లేదు. దేవసహాయం గారు కాల్వకట్టకు వెళ్లలేదు. 'వచ్చినవా బిడ్డా, నీ వంతు తీసిపెట్టిన' అన్న మాట చిలుకూరు శాంతమ్మది. కూతురు ఇంటికి వచ్చిన ప్రతిసారీ వాకిట్లో నిలబడి అనేది. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు లేరు."

అతను రాశాడు. చివరి వాక్యం దగ్గర కలం బరువెక్కింది. "దేవసహాయం క్షమాపణ కోరుతున్నాడని కూడా రాయనా?"

"కాగితానికెందుకు సార్? అడిగేదుంటే నన్ను అడగండి."

అడిగాడు. దీప అతన్ని చూసింది. "ఇవాళ నా వల్ల కాదు సార్," అంది.

సుధ గొంతు సవరించుకుంది. "ఈ నెల మీ ముచ్చట ఏంది సార్, రాస్తరా?"

"ఏమీ లేదు."

"పొద్దున చాయ్ తాగిండ్రు గద."

"రుచి తెల్వలేదు. ఏమీ లేదనే రాస్త." ఆ పేజీల్లో తన పేరు పక్కన అంత చిన్న వాక్యం అతను ఎన్నడూ రాయలేదు.

దీప అట్టపెట్టె తెరిచి, నక్షత్రం కార్డును చేతిసంచిలో పెట్టుకుంది. "ఇది మా అమ్మ దగ్గర ఉంటుంది. ఫొటో వెనకాల."

"మరి కట్టల ఒకటి తక్కువైతది గద?" అంది సుధ. "కొత్తది గీస్తవా?"

"ఎవరైనా నిజంగా చూసింది తెస్తే గీస్తా." ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఎవరి వైపూ చూడలేదు.

సవరణ కాగితం మీద సుధ సంతకం చేసింది. దేవసహాయం, ఎప్పుడూ తేదీతో సహా చేసే పొడవైన సంతకం చేశాడు. దీప మరోసారి మొదటి నుంచి చదువుకుని, తల్లి పేరులో చెదిరిన ఒక అక్షరాన్ని దిద్ది, కింద సంతకం చేసింది. కాగితాన్ని కార్డంత కొలతకు వచ్చేదాకా మడిచి, నక్షత్రం ఉండవలసిన చోట కార్డుల మధ్య దోపి, పెట్టె మూత వేసింది.