కప్పు మీది పదకొండు రాళ్ళు

బేగాన్ దీవిలోని ఒక ఊళ్ళో ఇళ్ళన్నీ కొండవాలున నిలబడ్డ రాతి ఇళ్ళే. పెంకులకు సున్నం పెట్టరు. గాలికి లేచిపోకుండా వరసకిన్ని అని రాళ్ళు పేరుస్తారు, అంతే.

తుపాను వస్తోందని పడవలన్నీ ఒడ్డెక్కించిన రోజున చెన్ పోహై తన కప్పు చూసుకున్నాడు. రాళ్ళు చాలవు. తీరం నుంచి మోసుకు రావాలంటే నూటయాభై మెట్లు. పొద్దుటి నుంచి పడవలు లాగి లాగి నడుం పడిపోయింది. పక్కింట్లో ఒంటరిగా ఉండే యూజు పిన్ని, తన కూతుర్ని చూడ్డానికి అవతలి దీవికి వెళ్ళింది. పోహై నిచ్చెన వేసుకుని ఆమె కప్పు మీది పదకొండు రాళ్ళు తెచ్చి తన కప్పు మీద పెట్టుకున్నాడు. గాలి తగ్గాక మళ్ళీ పెట్టేస్తే సరి అనుకున్నాడు.

తుపాను పోహై ఇంటి జోలికి రాలేదు. యూజు ఇంటి కప్పు మాత్రం సముద్రం వైపు సగానికి సగం ఎగిరిపోయింది. లోపల ఆరబెట్టిన రొయ్యపొట్టంతా వాన పాలైంది. పెంకులతోపాటు రాళ్ళూ సముద్రంలో పడ్డాయనే అందరూ అనుకున్నారు.

ఆ కప్పు వేసింది చనిపోయిన ఆమె మొగుడు తావ్‌మింగ్. ఊళ్ళో అంతటి పనివాడు లేడని పేరు. ఇప్పుడు బావి దగ్గర ఆడవాళ్ళకు అదే కబురు.

"తావ్‌మింగ్ కప్పంటే తుపానే దండం పెట్టి పోవాలి అనేవాడుగా! దండం పెట్టిందిలే, పెంకులతో సహా!"

యూజు తిరిగొచ్చేసరికి పోహై ఆమె ఇంటి మీద పెంకులు సర్దుతున్నాడు. ఆమె అతన్ని కిందికి పిలిచి వేడి సేమియా, ఎర్రసారా పెట్టింది.

"నువ్వే లేకపోతే నా గతేమిటి నాయనా? తిను, చల్లారిపోతుంది."

అతను రెండు ముద్దలు తిన్నాడు. ఆమె మెల్లగా అడిగింది.

"నువ్వూ పని తెలిసినవాడివే. నిజం చెప్పు, మా ఆయన పని అంత నాసిరకమా?"

"లేదు పిన్నీ" అన్నాడు. గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఆమె గడప దాటలేదు. నాలుగో పొద్దున నీళ్ళకు వస్తే నవ్వులు గుసగుసల్లోకి దిగాయి. ఆమె ఎవరివైపూ చూడకుండా చేద లాగడం పోహై మెట్ల మీంచి చూశాడు. గబగబా దిగాడు.

"రాళ్ళు నేను తీశాను" అన్నాడు దగ్గరికొచ్చి. "పదకొండు. మెట్లెక్కలేక మా ఇంటికి తెచ్చుకున్నాను. తావ్‌మింగ్ బాబాయి పనిలో ఏ లోటూ లేదు."

యూజు చేద కింద పెట్టింది.

"నా చేతి సేమియా తిన్నావు కదరా" అంది. "నేనడిగినప్పుడు ఈ మాట ఎక్కడికి పోయింది?"

ఆమె అతని కప్పు వైపు వేలు చూపించింది.

"రాళ్ళు తెచ్చి ఎక్కడివక్కడ పెట్టు. పట్టపగలే పెట్టు."

పదకొండు సార్లు అందరి ముందునుంచీ మోశాడు. ఎవరూ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. యూజు నిచ్చెన కింద నిలబడి ఒక్కొక్క రాయి చోటూ చూపించింది. పని అయ్యాక లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మంచినీళ్ళయినా ఇవ్వలేదు.

మరుసటేడు తుపానుకు ముందు ఆమె కప్పు చూడ్డానికి పైవీధి నుంచి మనిషిని పిలిపించుకుంది. పోహై తన వాకిట్లో వల బాగుచేసుకుంటూ, ఆ మనిషి వెళ్ళేదాకా తల ఎత్తలేదు.